81 ఏళ్ల నాయనకి సాయంత్రం ఆరు దాటితే తిండి బంద్ చేశారు, ఇది సబబేనా?

పెన్నా_గట్టు
మా నాయనకి 81. సొంతూరు ఆత్మకూరు పక్కన, ఇప్పుడు నెల్లూరులో మా దగ్గరే ఉండాడు. మొన్న సంక్రాంతి దాకా ఆయన పద్ధతి ఆయనది. తెల్లారి సద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకునేవాడు. మధ్యాన్నం అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర. వారంలో రెండు మాట్లు చేపల పులుసు. తిన్నాక ఒక కునుకు. రాత్రి ఎనిమిదికి నాలుగు ముద్దలు, పెరుగు. పొద్దున్నే నడుచుకుంటా పోయి పాల ప్యాకెట్టూ పేపరూ తెచ్చేది కూడా ఆయనే.

మా పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం. పండక్కొచ్చి వీడియోలు చూపించి ఇంట్లో చట్టం మార్చేసి పోయాడు. తెల్లన్నం విషమంట. మూడు పూటలా కొర్రలు, అండుకొర్రలే. సాయంత్రం ఆరు దాటితే నీళ్లు తప్ప ఏమీ తాకకూడదు. పగలు పడుకుంటే ఆయుష్షు తగ్గుద్దంట. మా ఇంట్లోది కొడుకు చెప్పిందాన్ని అక్షరం పొల్లు పోకుండా పాటిస్తా ఉంది. ఇప్పుడు నాయన చొక్కాలు వదులైపోయినయ్. ఎవురితోనూ మాట్లాడడు. నేనేమన్నా అంటే పెద్దోడు ఫోన్లో "తాత నూరేళ్లు బతకొద్దా నాన్నా" అని నా మీదికే వస్తాడు.

తెలిసినోళ్లు చెప్పండి, ఎవుర్ని ఆపాలి?

కావలి_కుర్రోడు
ఆ తిండితోనే కదన్నా 81 దాకా వచ్చింది. పరీక్ష పాసై బయటికొచ్చినోడికి సిలబస్ మార్చినట్టుంది మీవోడి యవ్వారం.

ఒంగోలు_గిత్త72
అందరూ కుర్రోడి మీద పడకండి. కొర్రల్లో తప్పేముంది? మా పడమర మెట్టలో, పొదిలి, కనిగిరి, దర్శి వైపు, పాతోళ్లు తిన్నది ఏంది? సజ్జలు, జొన్నలు, వరిగలు, కొర్రలు. వరన్నం పండగ తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినాకే రోజూ తెల్లన్నం మొదలైంది మా ఊళ్లో. సుగర్లు, బీపీలు ఆ తర్వాతే చూశాం. మా జేజి సజ్జరొట్టె, గోంగూర పచ్చడి తిని 103 ఏళ్లు బతికింది. చివరి దాకా కళ్లజోడు లేదు.

ఆధార్_జనవరి_ఒకటి
గిత్త అన్నా, జేజి పుట్టిన తేదీ ఎవరు రాశారు?

ఒంగోలు_గిత్త72
రాసేదేంది. ఏదో పెద్ద గాలివాన ఏడు పుట్టిందని అందరూ చెప్పేవోళ్లు.

ఆధార్_జనవరి_ఒకటి
అదే చెప్తున్నా. నా హ్యాండిల్ చూసే ఉంటారు. మా వీధిలో అరవై దాటిన వాళ్లలో సగం మంది పుట్టింది జనవరి ఒకటో తారీఖే. పింఛను కోసం నాలుగేళ్లు ముందుకు జరిగినోళ్లు కూడా ఉన్నారు, పేర్లు వద్దులే.

ఇది మన దగ్గరే కాదు. ఒకినావా, సార్డీనియా, ఇకారియా అని నూరేళ్లోళ్ల ఊర్ల గురించి వీడియోల్లో చెప్తారు కదా, బ్లూ జోన్లని. సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు ఆ లెక్కలు తవ్వాడు. జనన ధ్రువపత్రాలు సరిగా లేనిచోట, పేదరికం ఎక్కువున్న చోట నూరు దాటినోళ్లు విచిత్రంగా ఎక్కువ కనిపిస్తున్నారని తేల్చాడు. 2024లో దానికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. 2010లో జపాన్ వాళ్లు తనిఖీ చేస్తే రికార్డుల్లో బతికున్న నూరేళ్లోళ్లలో 2,30,000 మందికి పైగా ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. కొందరి పింఛను మాత్రం ఇంట్లోవాళ్లు తీసుకుంటా ఉన్నారు.

పాతకాలం తిండి బలం అంటారు కదా, 1941-51 మధ్య మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. 2016-20 నాటికి 70. ఆ 32 అంత తక్కువ ఉండటానికి పసిపిల్లల చావులే పెద్ద కారణం, ఒప్పుకుంటా. కానీ మీ జేజితో పాటు పుట్టి సజ్జరొట్టె తిని నలభైలోనే పోయినోళ్ల గురించి ఎవరూ కథలు చెప్పరు.

ఒంగోలు_గిత్త72
సరే తమ్ముడూ, 103 కాదు 93 అనుకో. 93 తక్కువా?

ఆధార్_జనవరి_ఒకటి
93 అయితే దండం పెడతా.

సిరి_మిల్లెట్_మార్ట్
[ఈ పోస్టు తొలగించబడింది]

అడ్మిన్
అమ్మకాలు వద్దని పైన పిన్ చేసి ఉంది. తొమ్మిది ధాన్యాల మిక్స్ పొడి కావాలంటే ఎవరి వాట్సాప్‌లో వాళ్లు చూసుకోండి.

సంతపేట_నర్సు
పెన్నా గట్టు గారూ, మిల్లెట్ల గొడవ తర్వాత. నాయన గారికి షుగరు ఉందా? ఉంటే ఏం మాత్రలు, ఏ పూట? ఈ రెణ్ణెల్లలో బరువు ఎంత తగ్గారు? తెల్లవారుజామున చెమటలు, వణుకు, తలతిరుగుడు, మాట తడబడటం లాంటివి ఏమన్నా ఉన్నాయా?

పెన్నా_గట్టు
షుగరు చానా ఏళ్ల నించి ఉంది అక్కా. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల, పొద్దున ఒకటి, రాత్రి తిండికి ముందు ఒకటి. బరువు అయిదు కిలోలు తగ్గినట్టుంది. తెల్లారు జామున బనీను తడిసిపోతా ఉంది. ఎండాకాలం మొదలైంది కదా, ఉక్క అనుకుంటా ఉండాం.

సంతపేట_నర్సు
రాత్రి బిళ్ల వేస్తున్నారు, కానీ రాత్రి అన్నం పెట్టట్లేదు. ఇది చాలా ప్రమాదం. గ్లిమిపిరైడ్ చేసే పనే ఇన్సులిన్ బయటికి తోయించడం. తిన్నా తినకపోయినా తోస్తుంది. కడుపులో ఏమీ లేకపోతే షుగరు కిందికి పడిపోతుంది. పెద్ద వయసులో ఆకలి, దడ లాంటి హెచ్చరికలు సరిగా తెలియవు. నిద్రలోనే పడితే ఎవరికీ తెలియదు. చీకట్లో బాత్రూముకి లేచి తూలి తుంటి విరగ్గొట్టుకుని మా వార్డుకి వచ్చే పెద్దోళ్లలో ఇలాంటి వాళ్లు ఉంటారు.

ఈ రాత్రే చేయాల్సింది: అన్నం పెట్టండి. పడుకునే ముందు, తెల్లవారుజామున మూడు నాలుగు మధ్య గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. రేపు ఉదయాన్నే డాక్టరుకి మొత్తం చెప్పండి, తిండి వేళలు మార్చిన సంగతితో సహా. బిళ్ల మార్చాలో, తగ్గించాలో ఆయనే చెప్పాలి. మీరుగా ఆపొద్దు, మేమూ ఇక్కడ డోసు చెప్పం.

అయిదు కిలోలు అన్నారు. ఆయన అరవై కిలోల మనిషైతే అది ఎనిమిది శాతం పైనే. అంత తగ్గడం ఈ వయసులో మంచిది కాదు, కారణం వెతకాల్సిందే.

కావలి_కుర్రోడు
అమ్మో. నేను జోకులేస్తున్నా ఇక్కడ.

ఉదయగిరి_గంటె
మా మామ కూడా ఇట్టాగే ఏకాదశి ఉపవాసం రోజు బిళ్ల మింగి బస్టాండులో పడిపోయాడు. తాగి పడ్డాడనుకుని జనం పక్కకి లాగి పడేశారు. ఎవరో కండక్టరు చూసి చక్కెర నోట్లో వేస్తే లేచాడు. షుగరోళ్లు జేబులో రెండు చాక్లెట్లు పెట్టుకోవాలబ్బా, తినడానికి కాదు, దీనికి.

గూడూరు_గడియారం
నాకో సందేహం. రాత్రి తొందరగా తినడం మంచిదే కదా? అది కూడా తప్పేనా?

సంతపేట_నర్సు
తప్పు కాదు. నలభై అయిదేళ్ల మనిషి, మందులు లేవు, పొట్ట ఉంది, ఏడింటికి తినేసి పదింటికి పడుకుంటే మంచిదే. తేన్పులు, గుండెల్లో మంట తగ్గుతాయి, నిద్ర బాగా పడుతుంది. అదే నియమం బరువు తగ్గుతున్న 81 ఏళ్ల షుగరు మనిషికి పెడితేనే గొడవ. ఆ వయసులో కండ కరిగిపోకుండా చూడటం ముఖ్యం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా అని చూస్తాం మేం. పప్పు, గుడ్డు, చేప, పెరుగు ఇవి తగ్గకూడదు. కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము పైన మాంసకృత్తులు ఉండాలంటారు పెద్దోళ్లకి, కిడ్నీ జబ్బు లేకపోతే. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి, లెక్కేసుకోండి.

హెచ్‌బీఏ1సీ, అంటే మూణ్ణెల్ల సగటు షుగరు చెప్పే పరీక్ష, అది కూడా కుర్రాళ్లకి పెట్టినంత కిందికి లాగరు. పెద్దవాళ్లకి, వేరే జబ్బులు కూడా ఉంటే, ఎనిమిది లోపుంటే చాలంటారు చాలామంది డాక్టర్లు.

ఒంగోలు_గిత్త72
అయితే కొర్రలు తినొచ్చా తినకూడదా, సూటిగా చెప్పమ్మా.

సంతపేట_నర్సు
తినొచ్చు. ఒక పూట చాలు. పళ్లు లేనివాళ్లకి మూడు పూటలా పెడితే నమల్లేక వదిలేస్తారు, ఉన్నట్టుండి పీచు పెరిగి కడుపుబ్బరం. కొనేటప్పుడు బాగా పాలిష్ పట్టినవి తెచ్చి ఆరోగ్యం అనుకోవద్దు. రాగిజావ కూడా అంతే. మెత్తగా పిండి పట్టి పల్చగా కాచి గ్లాసుడు తాగితే షుగరు తొందరగానే ఎక్కుతుంది. రాగుల్లో కాల్షియం బాగా ఉంది నిజమే, నూరు గ్రాములకి 340 మిల్లీగ్రాములు పైనే. కానీ దాన్ని ఆకుకూరతోనో పప్పుతోనో సంగటిగా తినండి.

మొలగొలుకులు
అన్నాన్ని విషం అన్నోడు నెల్లూరోడే కాదు. మొలగొలుకుల బియ్యం పండిన జిల్లా ఇది. ఆ పాత బియ్యపు అన్నంలో చేపల పులుసు పోసుకుని తిన్నోడికి చెప్పాల్సిన మాటేనా అది?

సింగరాయకొండ_సుధ
విషం కాదు, నిజమే. కానీ మన పళ్లెం చూడండి. అన్నం కొండంత, పప్పు గరిటెడు, కూర చెంచాడు. దాన్ని తిరగేస్తే చాలు, బియ్యం పేరు ఏదైనా. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చూశాను. మొత్తం 17. అందులో అద్భుతాలేమీ లేవు. రకరకాలుగా తినండి, ఉప్పు అయిదు గ్రాములు దాటొద్దు, తిండికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ టీలు వద్దు ఇలాంటివే.

కావలి_కుర్రోడు
అయిదు గ్రాములంటే ఎంత?

సింగరాయకొండ_సుధ
ఒక టీ చెంచా. రోజంతటికీ, కూర, పప్పు, పచ్చడి, మజ్జిగ అన్నీ కలిపి.

కావలి_కుర్రోడు
మా ఇంట్లో ఆవకాయ ఒక్కటే ఆ కోటా తినేస్తది.

ఒంగోలు_గిత్త72
ఆవకాయ జోలికొస్తే గ్రూపు వదిలి పోతా.

మైపాడు_అల
చేపల గురించి ఎవురూ సరిగా మాట్లాడటం లా. పులుసంటే అందరూ కొర్రమేను, బొచ్చె, వంజరం అంటారు. రేటు చూసి గొప్ప అనుకుంటారు. గుండెకి మంచి కొవ్వు ఎక్కువ ఉండేది కవళ్లలో, కానాగంతల్లో. రేవులో అవి చవగ్గా వస్తయ్. వారానికి రెండు పూటలు చాలు. కానీ వాటిని కారం పట్టించి నూనెలో ముంచి తీస్తే ఏం లాభం. మామిడికాయ వేసి పులుసు పెట్టండి, మరుసటి పొద్దు ఇంకా బాగుంటది.

గూడూరు_గడియారం
మరుసటి రోజు పులుసు సరే, మరి సద్దన్నం? రాత్రంతా బయట ఉన్న అన్నం తినొద్దని ఒక డాక్టరు వీడియోలో చెప్పాడు.

సంతపేట_నర్సు
వండిన అన్నం ఉత్తగా వేడి చోట గంటల తరబడి పడి ఉంటే ఒక రకం క్రిమి పెరిగి వాంతులు చేయిస్తుంది, ఆ డాక్టరు చెప్పింది దాని గురించి. సద్దన్నం పద్ధతి వేరు. చల్లారిన అన్నంలో శుభ్రమైన నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతారు, ఆ పులుపే కొంత కాపు. అయినా రోహిణి కార్తెలో జిగురు వచ్చినా, వాసన తేడా కొట్టినా పారబోయండి. ఇక్కడ పొదుపు వద్దు.

కనిగిరి_మాస్టారు
మీరంతా తిండి దగ్గరే ఉన్నారు. మా వైపు మొదటి ప్రశ్న నీళ్లు. మా ప్రాంతం బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అది దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగినవాళ్లకి పళ్ల మీద మచ్చలు, పెద్దయ్యాక నడుము, మోకాళ్లు బిగుసుకుపోవడం. కాచి తాగితే పోతుందనుకుంటారు కొందరు. కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికే కాదు, అన్నం పప్పు వండటానికి కూడా ఆ నీళ్లు వాడకూడదు, ఈ సంగతి చాలామందికి పట్టదు. తాగడానికి క్యాన్ తెచ్చుకుంటారు, పప్పు మాత్రం బోరు నీళ్లలో ఉడుకుతుంది.

అసలు నేను చెప్పదలచుకుంది ఇంకొకటి. ఆ నొప్పులకి మా వాళ్లు ఏం చేస్తారు? మందుల షాపుకి పోయి "నొప్పుల బిళ్ల" అంటారు. డైక్లోఫెనాక్ లాంటిది నాలుగు చేతిలో పెడతారు. అది మింగి మిరప కోతకో కలుపుకో పోతారు. ఎండలో నీళ్లు తక్కువ తాగుతూ ఏళ్ల తరబడి ఆ బిళ్లలు మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. మా పక్కింట్లో డయాలసిస్‌కి పోతున్నాయన వయసు యాభై రెండు. ఆయన ఏ రోజూ పిజ్జా తినలేదు, సంగటి తిన్న మనిషే. కొర్రలా వరా అనే వాదన ఆయనకి ఎందుకూ పనికిరాలేదు.

ఆధార్_జనవరి_ఒకటి
మాస్టారూ, ఈ దారం మొత్తంలో ప్రింటు తీసి గోడకి అంటించాల్సిన పోస్టు ఇది.

ఉదయగిరి_గంటె
నా చాక్లెట్ పోస్టు కూడా అంటించండి.

పెన్నా_గట్టు
అందరికీ ఒక మాట. రాత్రి అన్నం పెట్టాం. తెల్లారుజామున మూడున్నరకి చూస్తే 62. నర్సక్క చెప్పినట్టే చక్కెర నీళ్లు తాగించాం, పావుగంటకి 94కి వచ్చింది. అన్నం తిన్నా 62 అంటే ముందు రోజుల్లో ఎంత పడి ఉండేదో. పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోయాం. రాత్రి బిళ్ల మార్చాడు, బరువు సంగతికి రక్తపరీక్షలు రాశాడు. పెద్దోడికి ఫోన్ చేసి చెప్పా. చాలాసేపు మాట్లాడలా. తర్వాత "తాతకి ఫోనియ్యి" అన్నాడు.

కావలి_కుర్రోడు
పిల్లోడు మంచోడే అన్నా, ప్రేమతోనే చేశాడు. తిట్టబాకండి.

గూడూరు_గడియారం
మరి మధ్యాహ్నం కునుకు సంగతి తేల్చలేదు. నాకు అదే ముఖ్యం. నేను రిటైరయ్యాక రోజూ ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకుంటున్నా, రాత్రి రెండింటి దాకా కళ్లు మూతపడవు.

సంతపేట_నర్సు
మీ సమాధానం మీ పోస్టులోనే ఉంది. ఇరవై నిమిషాలు, అరగంట కునుకు అయితే లేచాక హుషారు. మూడు గంటలు పడుకుంటే రాత్రి నిద్రలోంచి తీసి పగలు ఖర్చు పెట్టినట్టే. మూడు దాటాక పడుకోవద్దు, అలారం పెట్టుకోండి. నాయన గారి కునుకు మాత్రం ఎవరూ ఆపనక్కర్లేదు. మన ఎండల్లో పన్నెండు నుంచి మూడు దాకా ముసలివాళ్లు నీడపట్టున ఉండటమే మేలు. రాత్రీ పగలూ కలిపి అరవై అయిదు దాటినవాళ్లకి ఏడెనిమిది గంటలు చాలు. ఉన్నట్టుండి పగలంతా మగతగా పడుకుంటుంటే మాత్రం అది అలవాటు కాదు, చూపించాలి.

గూడూరు_గడియారం
సాయంత్రం అయిదింటి కాఫీ కూడా ఉంది లెండి. ఇత్తడి గ్లాసుడు.

ఆధార్_జనవరి_ఒకటి
తాగిన కాఫీలో సగం కెఫీన్ ఒంట్లోంచి పోవడానికే అయిదారు గంటలు పడుతుంది సార్. పదకొండింటికి కూడా మీ ఇత్తడి గ్లాసు సగం నిండే ఉంటుంది.

సింగరాయకొండ_సుధ
నిద్ర మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పెన్నా గట్టు గారూ, నాయన గారి తిండి, మీ తిండి, కొర్రలు విడిగా, ఉపవాసానికి ముందు ఒక వంట. ఇవన్నీ చేస్తున్న ఆవిడ ఎన్నింటికి లేస్తున్నారు, ఎన్నింటికి పడుకుంటున్నారు? దారం మొత్తం చదివాను. ఆవిడ గురించి ఒక్కటే వాక్యం ఉంది, కొడుకు చెప్పింది పాటిస్తోందని.

2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88. జీతం లేని పని ఇది. మా స్కూల్లో మేం నలుగురం టీచర్లం. అయిదింటికి లేచి రెండు టిఫిన్లు, మూడు క్యారియర్లు కట్టి బస్సెక్కుతాం. రాత్రి గిన్నెలు సర్దేసరికి పదకొండు. తిండి కూడా అందరూ తిన్నాక అడుగు బొడుగు, చేప ముక్కలు అయిపోయి పులుసు మిగిలుంటుంది. రక్తం తక్కువని డాక్టరు చెప్తే ఐరన్ బిళ్ల మింగి, దాని మీదే టీ తాగుతాం, ఎందుకంటే కూర్చోడానికి దొరికే పది నిమిషాలు అవే. ఆ టీ ఐరన్‌ని ఒంటికి పట్టనీయదని తెలిసినా. దీర్ఘాయుష్షు అలవాట్లు అని ఎన్ని చెప్పుకున్నా, మధ్యాహ్నం కునుకు తీసే హక్కు ఇంట్లో ఎవరెవరికుందో కూడా చూడాలి కదా.

మొలగొలుకులు
ఇక్కడ కూడా ఆడా మగా గొడవ తేవాలా మేడం. తిండి గురించి మాట్లాడుకుంటున్నాం.

సింగరాయకొండ_సుధ
తిండి గురించే మాట్లాడుతున్నా. ఆ పాత బియ్యం అన్నం ఎవరు వార్చారు మీకు?

మొలగొలుకులు
...

ఉదయగిరి_గంటె
మొలగొలుకులు అన్న పొయ్యి దగ్గరికి పోతా ఉండాడు, దారి ఇవ్వండి.

సంతపేట_నర్సు
సుధ గారితో ఏకీభవిస్తున్నా. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయి వంట చేసే మాలాంటి వాళ్ల సంగతి ఇంకో దారం పెట్టి రాయాలి.

పెన్నా_గట్టు
సుధమ్మా, అడిగా. నాలుగున్నరకి లేస్తా ఉందంట. కొర్రలు నానేయాలి, మనకి ఇడ్లీ, నాయనకి విడిగా. పగలు పడుకోవడం అనేదే లేదు. ఇప్పుడు అందరికీ ఒకే వంట అని తేల్చుకున్నాం. మధ్యాన్నం వరన్నం, పప్పు, కూర. రాత్రి నాయనకీ నాకూ కొర్రన్నమో జొన్నరొట్టో ఏదో ఒకటి ఏడున్నరకి, పెరుగుతో. పొట్ట తగ్గించుకోవాల్సింది నేనే, నాయన కాదు. గిన్నెలు నావి.

చెరువు_కాపలా
నైట్ డ్యూటీ మాటొచ్చింది కాబట్టి నా బాధ కూడా ఇనండి. మాది రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలవ పక్కన. తెల్లారుజామున మూడు నుంచి అయిదు దాకా నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది. ఆ టైములో కరెంటు పోయి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోద్ది. అందుకని పంట ఉన్నన్నాళ్లూ రాత్రంతా మేలుకునే ఉండాల. పగలు పడుకుందామంటే మేతలు, ల్యాబ్, మందులోళ్లు. వయసు 38, బీపీ వచ్చేసింది. ఏడెనిమిది గంటల నిద్ర అంటే నవ్వొస్తా ఉంది.

ఒంగోలు_గిత్త72
మా పొగాకు బ్యారన్ల దగ్గర కూడా అంతే. మంట పెట్టినాక ఆకు ఆరేదాకా వేడి చూసుకుంటా రాత్రిళ్లు కూర్చోవాల. కానీ అది సీజనే. నీది ఏడాదంతా.

కావలి_కుర్రోడు
రొయ్యలు తిని బలం తెచ్చుకో అన్నా.

చెరువు_కాపలా
పెంచేవోడు తినడు తమ్ముడూ, అమ్ముకుంటాడు. మేం తినేది గుడ్డు కూర.

సంతపేట_నర్సు
కాపలా గారూ, రాత్రి మొత్తం ఒక్కరే ఉండొద్దు. ఇంకో మనిషి ఉంటే రాత్రిని రెండుగా కోసుకోండి. తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి తెల్లారేదాకా ఒకరు, వారమంతా అదే వేళ. రోజూ మారిస్తే ఒళ్లు దేనికీ అలవాటు పడదు. అయిదు గంటలు ఏకబిగిన నిద్ర దొరికితే మిగతాది పగలు గంటన్నర తీసుకోవచ్చు. పగలు పడుకునేది చెరువు గట్టు షెడ్డులో కాదు, ఇంట్లో, కిటికీ మూసి, ఫోను ఆపి. ఇంటికి బండి మీద పోయేటప్పుడు కళ్లు కూరుకుపోతుంటే పోవద్దు, షెడ్డులోనే ఇరవై నిమిషాలు పడుకుని పోండి. రాత్రి మూడింటికి బోండాలు, టీ మానేసి తినాలనిపిస్తే గుడ్డో, వేరుశనగలో, మజ్జిగో. టీ ఆఖరిది రెండింటికి ముందే. బీపీ మాత్ర మాత్రం మానొద్దు.

గూడూరు_గడియారం
కరెంటు పోతే సైరన్ మోగే పెట్టెలు దొరుకుతున్నాయి కదా, ఫోనుకి కాల్ కూడా వస్తుంది.

చెరువు_కాపలా
ఉండయ్ సార్, సైరన్ పెట్టా. కానీ ఆక్సిజన్ పడిపోయేది కరెంటు ఉన్నప్పుడు కూడా జరుగుద్ది. మనిషి ఉండాల్సిందే. మా బామ్మర్దిని సగం రాత్రికి రమ్మని అడుగుతా. వాడితో ఒకటే తంటా, గురక. పక్కోడి చెరువు దాకా ఇనిపిస్తది. మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యి ఉలిక్కిపడి లేస్తాడు, మళ్లీ మొదలు. పగలంతా కూర్చున్న చోటే తూగుతాడు.

సంతపేట_నర్సు
అయితే ఆయన్ని కాపలాకి పిలిచే ముందు ముక్కు చెవి గొంతు డాక్టరుకో ఊపిరితిత్తుల డాక్టరుకో చూపించండి. మీరు చెప్పింది ఉత్త గురక కాదు, నిద్రలో శ్వాస ఆగే జబ్బు లాగుంది. దానికి రాత్రి నిద్ర పరీక్ష ఉంది, మిషను ఉంది. మెడ లావుగా ఉంటాడా, బీపీ ఉందా?

చెరువు_కాపలా
రెండూ ఉండయ్ అక్కా. రేపు పొద్దున మేత వేసినాక నేనే బండెక్కించుకుని తీసకపోతా.